యుద్ధవిమానాల మకాం మార్పు: పడమటి మండలాల నుంచి ఒక చూపు

సైనిక విమానాల దళం ఒక స్థావరాన్ని వదిలి మరో స్థావరానికి తరలిపోయినప్పుడు దాని వెంట పైలట్లు, మెకానిక్కులు, వారి కుటుంబాలు, ఇంధనపు ట్యాంకులు, ఆయుధ గోదాములు, మరమ్మతు షెడ్లు అన్నీ తరలిపోతాయి గాని, వీటన్నిటికన్నా దూరం పోయేది మాత్రం ఆ విమానాలు చేసే చప్పుడు. ప్రహరీ గోడకు లోపలి భూమి రక్షణ శాఖది. ఆ చప్పుడు పడే భూమి రైతులది, బడిపిల్లలది, ఆసుపత్రి మంచం మీది రోగిది, అడవిలో మేసే జంతువుది. తరలింపు వల్ల వీరికి ఏ మేరకు ఏమవుతుందో ముందుగానే లెక్కగట్టి, ఆ లెక్కను జనం ముందు పెట్టి, వారి అభ్యంతరాలు విన్న తరవాతే నిర్ణయం తీసుకునే పద్ధతికి పర్యావరణ సమీక్ష అని పేరు. అమెరికాలో సైన్యం కూడా ఈ పని చేయక తప్పదు. భారతదేశంలో ప్రయాణికుల విమానాశ్రయాలకు ఈ సమీక్ష తప్పనిసరి. యుద్ధవిమానాల విషయంలో మాత్రం చట్టం దాదాపుగా మౌనం వహిస్తుంది.

ఈ మౌనానికి అర్థమేమిటో తెలుసుకోవడానికి పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి మండలాలు, అంటే మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం ప్రాంతాలు మంచి కొలబద్ద. అక్కడ సైనిక విమాన స్థావరం ఏదీ లేదు. అయితే ఆ పీఠభూమికి పడమటన బెంగళూరులో యలహంక వైమానిక స్థావరమూ, హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారి రన్‌వేయూ ఉన్నాయి. తూర్పున, నగరి, పుత్తూరు మీదుగా రైలెక్కే వారందరికీ పరిచయమైన అరక్కోణంలో నౌకాదళపు విమాన స్థావరం ఉంది. కుప్పం నియోజకవర్గంలోని శాంతిపురం, రామకుప్పం మండలాల మధ్య పౌర విమానాశ్రయానికి 2019 జనవరిలో శంకుస్థాపన జరిగి, ఆగిపోయి, ఇటీవల మళ్ళీ భూసేకరణ మాట మొదలైంది. బెంగళూరులోని యుద్ధవిమానాల తయారీని లేపాక్షి, మడకశిర వైపు రప్పించేందుకు ఆంధ్రప్రదేశ్ ప్రయత్నిస్తోందన్న వార్త 2025 మే నెలలో కర్ణాటకలో ఎంత దుమారం రేపిందో పత్రికలు చదివేవారికి గుర్తుండే ఉంటుంది. ఆ వాదప్రతివాదాలన్నీ ప్రధానంగా ఎకరాల చుట్టూ, ఉద్యోగాల చుట్టూ తిరిగాయి. తయారైన విమానాన్ని పరీక్షించడానికి ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరి నెత్తి మీద ఎగరేయాలన్న సంగతి పెద్దగా చర్చకు రాలేదు.

ఈ ప్రాంతానికి దగ్గరలో జరిగిన అసలైన తరలింపు కథ అరక్కోణానిది. రెండో ప్రపంచయుద్ధ కాలపు పాత ఎయిర్‌స్ట్రిప్ ఉన్న చోట నిర్మించిన ఆ స్థావరాన్ని 1992 మార్చి 11న అప్పటి రాష్ట్రపతి ఆర్. వెంకట్రామన్ ఐఎన్ఎస్ రాజాళి అన్న పేరుతో నౌకాదళంలోకి చేర్చారు. నాలుగు కిలోమీటర్ల పైచిలుకు పొడవున్న దాని రన్‌వే దేశంలోని సైనిక రన్‌వేలన్నిటిలో పొడవైన వాటిలో ఒకటి. సోవియట్ యూనియన్ నుంచి 1988లో వచ్చి గోవాలోని ఐఎన్ఎస్ హంస స్థావరంలో ఉంటున్న ఎనిమిది టుపోలెవ్ 142 విమానాలు ఆ 1992లోనే అరక్కోణానికి మకాం మార్చాయి. సముద్రం మీద వేల కిలోమీటర్లు తిరిగి జలాంతర్గాములను వెతికే ఈ భారీ విమానానికి నాలుగు ఇంజన్లు, ఒక్కో ఇంజనుకు ఒకదాని వెనక ఒకటి ఎదురెదురు దిశల్లో తిరిగే రెండేసి ప్రొపెల్లర్లు ఉంటాయి. ఆ అమరిక వల్ల పుట్టే మోత ప్రపంచంలోని అతి పెద్ద చప్పుడు చేసే విమానాల జాబితాలో దానికి చోటు సంపాదించిపెట్టింది.

గోవా నుంచి అరక్కోణానికి ఆ మోత తరలినప్పుడు చుట్టుపక్కల తమిళ, తెలుగు పల్లెలను అడగవలసిన అవసరం చట్టరీత్యా ఎవరికీ లేదు. పర్యావరణ పరిరక్షణ చట్టం 1986లోనే వచ్చినా, ఒక ప్రాజెక్టు మొదలుపెట్టక ముందే దాని ప్రభావాన్ని మదింపు చేయాలన్న తొలి నోటిఫికేషన్ 1994 జనవరి 27న గాని వెలువడలేదు. అందులో ప్రజాభిప్రాయ సేకరణ అన్నది మరో మూడేళ్ళకు, 1997 ఏప్రిల్‌లో చేరింది. విమానాలు ముందు వచ్చాయి, చట్టం తరవాత వచ్చింది. అక్కడితో సరిపెట్టుకోవచ్చు గాని, 2013 మేలో అదే రన్‌వే మీద అమెరికా నుంచి తొలి పీ-8ఐ విమానం దిగేనాటికి మదింపు చట్టానికి పందొమ్మిదేళ్ళు నిండాయి. టుపోలెవ్‌లు 2017 మార్చి 29న సేవల నుంచి తప్పుకుని వాటి చోటును పీ-8ఐలు పూర్తిగా తీసుకున్నాయి. ఆ తరవాత కొన్న మరో నాలుగు పీ-8ఐలతో 2022 మార్చిలో గోవాలో కొత్త దళం ఏర్పడింది. పీ-8ఐ మూలరూపం బోయింగ్ 737 ప్రయాణికుల విమానమే గనుక చప్పుడు విషయంలో అరక్కోణం ఒకవిధంగా లాభపడిందనే చెప్పాలి. అయితే ఆ లాభం యాదృచ్ఛికం. సమీక్ష చేసి ఎంచుకున్నది కాదు.

ఇప్పుడు అమల్లో ఉన్న నియమావళి 2006 సెప్టెంబర్ 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్. ఏయే ప్రాజెక్టులకు ముందస్తు అనుమతి కావాలో చెప్పే దాని అనుబంధ పట్టికలో 7(ఎ) అంశం విమానాశ్రయాలది. వాణిజ్య అవసరాలకు వాడే విమానాశ్రయాలు, ఎయిర్‌స్ట్రిప్పులు అన్నీ దాని కిందికి వస్తాయి. వాణిజ్యం అన్న ఆ ఒక్క మాటతో సైనిక రన్‌వే పట్టికకు బయటే ఉండిపోతుంది. స్థావరంలో కట్టే హ్యాంగర్లు, అంటే విమానాలను నిలిపే భారీ షెడ్లు, క్వార్టర్లు కలిపి ఇరవై వేల చదరపు మీటర్లు దాటితే భవన నిర్మాణాల అంశం కింద సమీక్ష అవసరం కావచ్చు. కాని ఆ సమీక్ష చూసేది ఇసుక, సిమెంటు, మురుగునీరు, చెట్ల నరికివేత వంటివే. ఇల్లు కట్టడానికి అనుమతి అడుగుతారు గాని, ఆ ఇంట్లో కాపురం ఎలా ఉంటుందని అడగరు. పైగా, ఒక రక్షణ ప్రాజెక్టు ఏదో విధంగా పట్టికలోకి వచ్చినా, దేశరక్షణకూ భద్రతకూ సంబంధించినవనీ, వ్యూహాత్మకమైనవనీ కేంద్రం నిర్ణయించిన ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కరలేదని అదే నోటిఫికేషన్ మినహాయింపు ఇచ్చింది.

సైన్యానికి ఏ పర్యావరణ చట్టమూ వర్తించదని దీని అర్థం కాదు. వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో నౌకాదళం తలపెట్టిన రేడియో కేంద్రానికి 2024 అక్టోబర్ 15న శంకుస్థాపన జరిగే ముందు, దాదాపు 2,900 ఎకరాల అటవీ భూమిని అప్పగించడానికి అటవీ పరిరక్షణ చట్టం ప్రకారం అనుమతి తీసుకోవలసి వచ్చింది. అంటే నేల మీద చెట్టుంటే దానికొక చట్టం ఉంది. ఆకాశంలో దారి మారితే దానికి లేదు.

పౌర విమానాల విషయంలో పద్ధతి ఎంత వేరుగా ఉంటుందో విశాఖపట్నం చూపిస్తుంది. అక్కడి విమానాశ్రయం నిజానికి నౌకాదళపు ఐఎన్ఎస్ డేగా స్థావరంలో భాగం. నౌకాదళపు రన్‌వే మీదే ప్రయాణికుల విమానాలు దిగుతాయి, లేస్తాయి, సైనిక శిక్షణ వేళల్లో ఆగుతాయి. ఆ ప్రయాణికుల విమానాలను భోగాపురానికి తరలించాలనుకున్నప్పుడు కొత్త విమానాశ్రయం వాణిజ్య అవసరాలది గనుక మదింపు దశలన్నీ దాటవలసి వచ్చింది. ఆ దశలు నాలుగు. ప్రాజెక్టు ఏ కోవకు చెందుతుందో తేల్చే వడపోత మొదటిది. నివేదికలో ఏయే విషయాలు పరిశీలించాలో నిర్ణయించే పరిధి నిర్ధారణ రెండోది. ప్రజాభిప్రాయ సేకరణ మూడోది. నిపుణుల సంఘం కూర్చుని చేసే తుది మదింపు నాలుగోది. మూడో దశలో కాలుష్య నియంత్రణ మండలి కనీసం ముప్పై రోజుల ముందు ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన ఇవ్వాలి. నివేదిక సారాంశాన్ని తెలుగులో అందుబాటులో ఉంచాలి. కలెక్టరు గాని, అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకు తగ్గని ప్రతినిధి గాని అధ్యక్షత వహించాలి. చివర్లో సభలో జరిగినదంతా స్థానిక భాషలో చదివి వినిపించాలి. షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీల్లో జరిగే ఈ సభలు చాలా సార్లు తూతూమంత్రంగా ముగుస్తాయన్న విమర్శలో నిజం లేకపోలేదు. అయినా, ఒక రైతు లేచి చెప్పిన మాట అధికారిక రికార్డులోకి ఎక్కే చోటు అది. ఇదే విశాఖలో సైనిక విమానాల సంఖ్య రేపు రెట్టింపైతే అలాంటి సభ ఒక్కటి కూడా జరపనక్కరలేదు.

చప్పుడును కొలిచే లెక్క కొంత చిత్రమైనది. దాని కొలమానం డెసిబెల్. ఇది మామూలు కొలతలాగా పెరగదు. మూడు డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి రెట్టింపైనట్టు, పది పెరిగితే పదింతలైనట్టు. చెవికి మాత్రం పది డెసిబెల్స్ పెరుగుదల సుమారు రెండింతల మోతగా తోస్తుంది. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్, ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ ఉండే నిశ్శబ్ద మండలంలో పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్ పరిమితి. విమానాశ్రయాల చుట్టూ ఉండే ప్రాంతానికి 2018 జూన్‌లో వేరే పరిమితులు వచ్చాయి: ఏడాదికి యాభై వేలకు పైగా రాకపోకలున్న రద్దీ విమానాశ్రయాల దగ్గర పగలు 70, రాత్రి 65, మిగతా వాటి దగ్గర 65, 60. ఇవన్నీ సగటులు.

ఆ సగటులోనే మతలబు ఉంది. ఒక పల్లె మీదుగా రోజు మొత్తంలో ఒక్క జెట్ విమానం తక్కువ ఎత్తులో పోయి, పది సెకన్లపాటు వంద డెసిబెల్స్ మోత చేసిందనీ, మిగతా రోజంతా సూది పడ్డా వినిపించే నిశ్శబ్దమేననీ అనుకుంటే, ఇరవైనాలుగు గంటల మీద పరిచిన సగటు దాదాపు 61 డెసిబెల్స్ వస్తుంది. అది చిన్న విమానాశ్రయపు పగటి పరిమితి అయిన 65కు లోపే. కాగితం మీద ఆ పల్లెకు ఏ ఇబ్బందీ లేదు. కాని ఆ పది సెకన్లలో ఉయ్యాల్లోని బిడ్డ ఉలిక్కిపడి లేస్తుంది, పాలు పితికే చేతుల కింద ఆవు కాలు విదిలిస్తుంది, బడిలో పంతులు వాక్యం మధ్యలో ఆగిపోతాడు. నిద్రను, చదువును, పశువును చెడగొట్టేది సగటు కాదు, ఒక్కో సంఘటన. సైనిక విమానాల సమీక్షలో ఈ తేడా మరింత ముఖ్యం. ఎందుకంటే ప్రయాణికుల విమానం దిగితే దిగినట్టే, శిక్షణలోని యుద్ధవిమానం మాత్రం చక్రాలు నేలకు తగలగానే మళ్ళీ పైకి లేచి, చుట్టు తిరిగి వచ్చి, అదే దారిలో అదే ఊరి మీదుగా గంటలో పదిసార్లు పోతుంది.

అలాంటి చక్కర్ల కింద పడమటి మండలాలు ఉంటే నిజాయితీగల సమీక్ష అక్కడ ఏమేం చూడాలి? ఇది ఊహాప్రశ్నే గాని, జవాబులన్నీ నేల మీద ఉన్నవే.

సముద్రమట్టానికి రెండు వేల అడుగుల పైచిలుకు ఎత్తున్న ప్రాంతం అది. ఎత్తు పెరిగినకొద్దీ, ఎండ ముదిరినకొద్దీ గాలి పలచబడుతుంది. పలచని గాలిలో విమానం లేవడానికి ఎక్కువ దూరం పరుగెత్తాలి, ఇంజను ఎక్కువ కష్టపడాలి, నెమ్మదిగా పైకెక్కాలి. అందువల్ల సముద్రతీరపు స్థావరంలో కొలిచిన చప్పుడు పటాన్ని తెచ్చి ఇక్కడ అతికిస్తే లెక్క తప్పుతుంది.

అన్నిటికన్నా క్లిష్టమైన ప్రశ్న ఏనుగులది. సుమారు రెండు శతాబ్దాల పాటు ఏనుగు జాడే లేని ఈ అడవుల్లోకి 1980ల తొలి సంవత్సరాల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి గుంపులు దిగివచ్చాయి. వాటి కోసమే 1990లో కుప్పం, పలమనేరు అడవులను కలిపి సుమారు 358 చదరపు కిలోమీటర్లతో కౌండిన్య అభయారణ్యాన్ని ఏర్పాటు చేశారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా చెరకు తోట, అరటి తోట, వరిమడి ఏనుగుల పాలవడం, కందకాలు తవ్వడం, సోలార్ కంచెలు వేయడం, వాటిని ఏనుగులు పడగొట్టడం, కరెంటు తీగలకు ఏనుగులూ ఏనుగుల కాళ్ళ కింద మనుషులూ చనిపోవడం సాగుతూనే ఉన్నాయి. రామకుప్పం మండలం ననియాలలో కుంకీ ఏనుగుల శిబిరం ఉంది. అడవి ఏనుగులను మళ్ళించడానికి తర్ఫీదు ఇచ్చిన ఏనుగులను కుంకీలంటారు. 2025 మేలో కర్ణాటక మరికొన్ని కుంకీలను ఇచ్చింది, పలమనేరు దగ్గర ముసలిమడుగులో కొత్త శిబిరం తయారైంది. ఏనుగులు మనిషి చెవికి అందనంత మంద్రమైన ధ్వనులతో కిలోమీటర్ల దూరం నుంచి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయని 1980ల మధ్యలో క్యాథరీన్ పేన్ అనే శాస్త్రజ్ఞురాలు ఆసియా ఏనుగుల మధ్యనే కనిపెట్టారు. జెట్ ఇంజను మోతలో కూడా మంద్రధ్వని పాలు ఎక్కువ. ప్రభుత్వాలు వాడే డెసిబెల్ కొలత మాత్రం మనిషి చెవికి అనుగుణంగా సవరించినది. మంద్రధ్వనిని అది తగ్గించి లెక్కిస్తుంది. అంటే ఏనుగును ఇబ్బంది పెట్టగల చప్పుడు మీటరులో సరిగా నమోదు కాదు. బెదిరిన గుంపు దారి మార్చుకుంటే ఆ కొత్త దారి ఎవరి పొలం గుండా పోతుందన్నది పర్యావరణం పుస్తకంలోని ప్రశ్న కాదు, కుప్పం రైతు రాత్రి కాపలాకు సంబంధించిన ప్రశ్న.

పుంగనూరు పేరు చెబితే గుర్తొచ్చేది పొట్టి ఆవు. మూడడుగుల ఎత్తుకు అటూ ఇటూగా ఉండి, చిక్కని పాలిచ్చే ఈ జాతి అంతరించిపోయే దశ నుంచి పలమనేరు పశు పరిశోధన కేంద్రం వంటి చోట్ల జరిగిన కృషితో నిలదొక్కుకుంది. ఒకే తీరున రోజూ వచ్చే చప్పుడుకు పశువులు అలవాటు పడే మాట వాస్తవమే. నెలకు నాలుగు రోజులు మాత్రం హఠాత్తుగా వచ్చే మోతకు అలవాటు పడే వీలుండదు. పట్టు రైతు బాధ ఇంకో రకం. మల్బరీ ఆకు మీద ఏమాత్రం మందు వాసన సోకినా పురుగులు మేత ముట్టవు, గూళ్ళు అల్లుకునే చంద్రికల మీదికి ఎక్కించే దశకు చేరకుండానే రాలిపోతాయి. అందుకే పక్క పొలంలో మందు కొట్టినా పట్టు రైతు గొడవకు వెళతాడు. రన్‌వే దాపున ఇంధనపు పొగ, మసి మల్బరీ తోటల మీద ఏ మేరకు పడుతుందో కొలవని సమీక్ష మదనపల్లె, కుప్పం ప్రాంతాల్లో సమీక్షే కాదు. నీరు మరో సంగతి. రాతినేలలో వెయ్యి అడుగులు తవ్వితే గాని పడని బోర్ల మీద, చెరువుల మీద బతికే ప్రాంతమిది. విమాన ఇంధనపు మంటలు ఆర్పడానికి స్థావరాల్లో దశాబ్దాలుగా వాడిన నురుగులోని ఫ్లోరిన్ రసాయనాలు మట్టిలో విచ్ఛిన్నం కాక, భూగర్భజలంలోకి దిగి, అమెరికాలోని అనేక స్థావరాల చుట్టూ తాగునీటిని చెడగొట్టాయి. రామకుప్పం, కుప్పం వైపు నుంచి పాలారు తమిళనాడులోకి పారుతుంది గనుక ఇక్కడ నేలలోకి దిగినది ఇక్కడే ఆగిపోతుందన్న భరోసా లేదు.

మదనపల్లె చుట్టుపక్కల నిశ్శబ్దమే ఒక వనరు అని చెప్పడం అతిశయోక్తి కాదు. క్షయకు మందు లేని రోజుల్లో, పొడిగాలి, ప్రశాంతత రోగికి సగం వైద్యమన్న నమ్మకంతో ఆరోగ్యవరంలో 1915లో శానిటోరియం నెలకొంది. అది ఇప్పటికీ ఆసుపత్రిగా నడుస్తోంది. రిషివ్యాలీ లోయను 1991లో పక్షుల సంరక్షణ స్థలంగా ప్రకటించారు; దక్షిణ భారతపు రాతి గుట్టల్లో తప్ప మరెక్కడా కనిపించని పసుపు గొంతు పికిలిపిట్ట ఆ లోయలోనూ, హార్స్‌లీ కొండల మీదా ఉంటుంది. పక్షులకూ విమానాలకూ మధ్య ప్రమాదం రెండువైపులా ఉంటుంది. టమాటా మండీ నుంచి వచ్చే కుళ్ళు సరుకు కుప్పల మీద గద్దలు, కొంగలు మూగే చోట రన్‌వే ఉంటే పక్షి ఇంజనులో పడి విమానం కూలవచ్చు. అందుకే విమానాశ్రయానికి పది కిలోమీటర్ల లోపు చెత్త వేయడాన్నీ, పశువులను కోయడాన్నీ 1937 నాటి విమాన నిబంధనలే నిషేధించాయి. ఆ పది కిలోమీటర్ల వృత్తాన్ని పటం మీద గీసి చూస్తే ఎన్ని సంతలు, ఎన్ని మాంసం దుకాణాలు అందులో పడతాయో తేలిగ్గానే తెలుస్తుంది. దానికి తోడు, 1903 నాటి రక్షణ పనుల చట్టం సైనిక స్థావరాల చుట్టూ కట్టడాలను అదుపు చేయడానికి ప్రభుత్వానికి అధికారం ఇస్తుంది. భూమి రైతు పేరనే ఉంటుంది, దాని మీద ఇల్లు కట్టే హక్కు మాత్రం సందేహంలో పడుతుంది.

సమీక్ష తప్పనిసరి అయిన దేశాల్లో అంతా సవ్యంగా ఉందని అనుకోనక్కరలేదు. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన సియాటిల్ నగరానికి ఉత్తరాన విడ్బీ అనే దీవి ఉంది. గ్రౌలర్ అనే యుద్ధవిమానాలకు అది స్థావరం. అక్కడ మరో ముప్పై ఆరు గ్రౌలర్లను చేర్చాలనీ, కూప్‌విల్ అనే చిన్న ఊరి పక్కనున్న రన్‌వే మీద విమానవాహక నౌక మీద దిగే అభ్యాసాన్ని ఏడాదికి సుమారు 6,100 విన్యాసాల నుంచి 24,100కు పెంచాలనీ అమెరికా నౌకాదళం 2019లో నిర్ణయించింది. వేల పేజీల సమీక్ష తయారు చేసింది కూడా. వాషింగ్టన్ రాష్ట్ర ప్రభుత్వమూ, స్థానికులూ కోర్టుకెక్కారు. ఆ సమీక్ష చట్టానికి సరితూగదని 2022 ఆగస్టులో ఫెడరల్ కోర్టు తేల్చింది: బడిపిల్లల చదువు మీద పడే ప్రభావాన్ని అంకెల్లో చూపలేదు, పక్షులను జాతులవారీగా పరిశీలించలేదు, ఇంధనపు ఉద్గారాల లెక్కకు ఆధారం వెల్లడించలేదు, ఈ విమానాలను కాలిఫోర్నియాలోని ఎల్ సెంట్రో స్థావరానికి తరలించే ప్రత్యామ్నాయాన్ని సరిగా పరిశీలించకుండానే పక్కన పెట్టింది. సమీక్షను తిరిగి చేయమన్న కోర్టు విమానాలను మాత్రం ఆపలేదు. జపాన్‌లో టోక్యో దాపునున్న అత్సుగి నుంచి సుమారు అరవై అమెరికన్ విమానాలను ఇవాకుని నగరానికి తరలించే ప్రతిపాదన మీద 2006 మార్చిలో నగరం ఓటింగ్ జరిపితే ఎనభై అయిదు శాతానికి పైగా వద్దన్నారు. 2018 మార్చికల్లా విమానాలు వచ్చేశాయి. కాని అంతకు ముందే, 2010లో, రన్‌వేను ఒక కిలోమీటరు సముద్రంలోకి జరిపి కట్టారు. జనం అడగడం వల్ల విమానం ఆగకపోవచ్చు, దాని దారి మాత్రం జరగవచ్చు.

భారతదేశంలో ఇలాంటి సమీక్షకు ఎదురయ్యే ప్రధాన అభ్యంతరం రహస్యం. ఏ స్థావరంలో ఎన్ని విమానాలు, ఏ ఆయుధాలు అన్నవి శత్రువుకు తెలియకూడదన్న వాదనలో బలముంది; పొరుగు దేశాలతో యుద్ధాలు చేసిన దేశానికి ఆ జాగ్రత్త అవసరమే. అయితే చప్పుడుకు రహస్యం లేదు. ఊరందరూ వింటున్న దాన్ని కాగితం మీద రాస్తే బయటపడే సైనిక రహస్యమేదీ ఉండదు. ఆయుధాల సంఖ్య చెప్పకుండానే చప్పుడు పటాన్ని, రాత్రి శిక్షణ వేళలను, బోరునీటి పరీక్షల ఫలితాలను ప్రకటించవచ్చు. సమీక్షను పూర్తిగా ఎత్తేయడానికి దేశభద్రత ఒక సాకుగా మారిందే తప్ప, కనీసం సగం సమీక్షకైనా అది అడ్డు కాదు.

చట్టం మారేదాకా పడమటి మండలాల వారికి మిగిలిన తలుపు ఒక్కటే. కుప్పంలో గాని మరెక్కడ గాని పౌర విమానాశ్రయం మీద ప్రజాభిప్రాయ సభ జరిగితే, తెలుగు సారాంశాన్ని ముందుగానే తెప్పించుకుని చదివి, ఈ రన్‌వే మీద సైనిక విమానాలు కూడా శిక్షణ పొందుతాయా, పొందితే రోజుకు ఎన్నిసార్లు, ఏ వేళల్లో, ఏ ఊళ్ళ మీదుగా అన్న ప్రశ్నను అక్కడే అడిగి, జవాబును సభా వివరాల్లో రాయించుకోవాలి. సభ ముగిశాక ఆ రన్‌వే మీదికి ఏ దళం మకాం మార్చినా మళ్ళీ సభ పెట్టనక్కరలేదు.